లారీ మీద క్షిపణి, కొండ మీద కన్ను

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

   

మన సంఘం కార్యదర్శి నెల కిందట ఫోన్ చేసి, "అన్నా, నువ్వు నేవీలో చేసినావు గదా, మిసైళ్ల గురించి అరగంట మాట్లాడల్ల" అన్నాడు. "ఏ మిసైళ్లప్పా?" అని అడిగితే, "ఏవైనా సరే, పిల్లోళ్లకు హుషారు రావల్ల" అన్నాడు. 2025 మే నెల నుంచి టీవీ పెడితే బ్రహ్మోస్ పేరు వినపడని రోజు లేదు కాబట్టి, ఆయన మనసులో ఉన్నది అదేనని నాకు అర్థమైంది. సరే అన్నాను. కానీ ఒక సంగతి ముందే చెప్పాలి. నేను క్షిపణి తయారు చేసినవాణ్ణి కాదు, మీట నొక్కి పేల్చినవాణ్ణీ కాదు. ఆఫీసర్ను కూడా కాదు, మామూలు సెయిలర్ను. ఇరవై ఏళ్లకు పైగా రాడార్ తెర ముందు కూర్చొని, అందులో కనపడే చుక్క ఏమిటో చెప్పడం నా ఉద్యోగం. అందుకని నా మాటల్లో క్షిపణి కంటే చుక్కకే ఎక్కువ చోటు ఉంటుంది. ఇంకొకటి, నేను ఈరోజు చెప్పే వివరాలన్నీ పేపర్లలోనో ప్రభుత్వ ప్రకటనల్లోనో వచ్చినవే. లోపలి సంగతులేవో చెబుతాడని ఆశపడిన వాళ్లు నిరాశ పడక తప్పదు.

క్షిపణుల్లో చాలా రకాలు ఉన్నాయి. నేను ఎంచుకున్నది ఒక్కటే. ఒడ్డు మీద లారీలో ఉండి, సముద్రంలో ఉన్న ఓడను కొట్టే క్రూయిజ్ క్షిపణి. సముద్రానికీ ఎర్రగుంట్లకూ ఏం సంబంధం అనుకోవద్దు. నాపరాయి, సున్నపురాయి, సిమెంటు దుమ్ము మధ్య పెరిగినవాళ్లం. మనలో చాలామంది మొదటిసారి సముద్రం చూసింది మద్రాసు రైలెక్కి మెరీనాకు పోయినప్పుడే. నేనైతే నేవీలో చేరడానికి పోయినప్పుడే చూశాను. జిల్లాకు సముద్రం లేదు గానీ రాష్ట్రానికి ఉంది. మేం చదువుకున్నప్పుడు ఆంధ్ర తీరం 974 కిలోమీటర్లు అని బట్టీ పట్టాం. ఈమధ్య మళ్లీ కొలిచి 1,053 కిలోమీటర్లు అంటున్నారు. తీరం పెరగలేదు, కొలత సన్నబడింది. వంకరటింకరలు అన్నీ లెక్కలోకి వచ్చాయి. సోషల్ సారు ఇక్కడే ఉన్నారు, ఇక మీదట పిల్లలు 974 అని రాస్తే మార్కులు వేస్తారో లేదో ఆయన దయ.

ఆ తీరాన్ని కాపాడడానికి ఒకప్పుడు ఉన్నవి ఫిరంగులు. ఫిరంగి ఎంత దూరం కొట్టగలదో అంతే కాపలా. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎండెన్ అనే జర్మనీ ఓడ మద్రాసు ముందుకు వచ్చి, రేవులోని బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకుల మీద గుండ్లు కురిపించి, అరగంటలో వెళ్లిపోయింది. ఒడ్డు మీది ఫిరంగులు తిరిగి పేల్చాయి గానీ దాన్ని ఆపలేకపోయాయి. పట్నం సగం ఖాళీ అయ్యిందని మా తాత కాలంవాళ్లు కథలుగా చెప్పేవాళ్లు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేశాయి. ఈనాటికీ విశాఖ బీచ్ రోడ్డులో కోస్టల్ బ్యాటరీ అనే చోటు ఉంది. ఆటోవాళ్లు, బస్సువాళ్లు అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. కొత్తగా పోయినవాళ్లు అదేదో కరెంటు బ్యాటరీల దుకాణం అనుకుంటారు. బ్యాటరీ అంటే ఫిరంగుల వరస. ఈరోజు లారీల మీద క్షిపణులు వచ్చినా ఆ మాట పోలేదు, మొబైల్ కోస్టల్ బ్యాటరీ అనే అంటున్నారు.

ఫిరంగి దిమ్మెకు ఒక పెద్ద లోపం ఉంది. అది కదలదు. శత్రువు దుర్భిణిలో చూసి, పటంలో గుర్తు పెట్టుకొని, దాని అందుబాటు తెలుసుకొని, అంతకు ఒక మైలు అవతల లంగరు వేస్తాడు. క్షిపణి వచ్చి ఈ లెక్కను తిరగేసింది. 1967 అక్టోబరు 21న ఈజిప్టు చిన్న పడవలు పోర్ట్ సయీద్ రేవులో ఉండే, బయట సముద్రంలో తిరుగుతున్న ఇజ్రాయెల్ యుద్ధనౌక ఐలాత్‌ను రష్యా క్షిపణులతో ముంచాయి. అప్పటిదాకా ఇట్లా ఓడను ముంచినవాళ్లు లేరు. నాలుగేళ్ల తర్వాత, 1971 డిసెంబరు 4 రాత్రి, అదే రకం క్షిపణులతో మన నిర్ఘాత్, నిపాత్, వీర్ పడవలు కరాచీ దగ్గర పని ముగించుకొని వచ్చాయి. అందుకే మనం ఏటా డిసెంబరు 4న నేవీ డే జరుపుకుంటాం. కానీ ఇవన్నీ పడవల మీద నుంచి కొట్టినవి. నేల మీద నుంచి కొట్టిన కథ ఫాక్‌లాండ్స్ యుద్ధంలో వస్తుంది. అది నాకు బాగా నచ్చిన కథ, అందుకే కొంచెం ఆగి చెబుతాను.

1982లో ఆ దీవుల కోసం అర్జెంటీనా, బ్రిటన్ కొట్లాడుకున్నాయి. బ్రిటిష్ ఓడలు రోజూ రాత్రి ఒడ్డుకు దగ్గరగా వచ్చి, గుండ్లు పేల్చి, తెల్లవారక ముందే వెళ్లిపోయేవి. అర్జెంటీనా వాళ్ల దగ్గర ఓడల మీద బిగించే ఎక్సోసెట్ క్షిపణులు ఉన్నాయి, కానీ ఓడలు బయటికి వచ్చే పరిస్థితి లేదు. జూలియో పెరెజ్ అనే నౌకాదళ ఇంజినీరు, ఆయన మనుషులు కలిసి ఒక ఓడ మీది క్షిపణి గొట్టాలు ఊడదీసి, ట్రెయిలర్ మీదకు ఎక్కించి, ఒక జనరేటర్ తగిలించి, విమానంలో దీవికి చేర్చారు. మన ఊళ్లో బోరు బండికి కంప్రెసర్ బిగించే పద్ధతి అనుకోండి. సైన్యం వాడే చిన్న రాడార్ ఒకటి దానికి కళ్లు. జూన్ 12 తెల్లవారుజామున గ్లామోర్గన్ అనే బ్రిటిష్ ఓడ తిరిగి వెళుతుంటే దాన్ని కొట్టారు. ఓడ లోపల తెర మీద చుక్క వేగంగా వస్తున్నది గమనించి ఓడను గబగబా తిప్పారు, అందువల్ల క్షిపణి పక్కన తగలకుండా వెనక డెక్ మీద జారి పేలింది. 14 మంది చనిపోయారు. ఓడ మాత్రం మునగలేదు. ఆ గుర్తుపట్టడం కొద్ది సెకన్లు ఆలస్యమై ఉంటే ఇంకా ఎంతమందో. నేను రాడార్ ట్రైనింగులో ఉన్నప్పుడు ఈ కథ విని ఆ రాత్రి నిద్రపోలేదు.

ఇట్లాంటివి తర్వాత కూడా జరిగాయి. 2006 జులై 14న లెబనాన్ తీరం నుంచి హిజ్బొల్లా కొట్టిన క్షిపణి ఇజ్రాయెల్ ఓడ హనీత్‌కు తగిలి నలుగురు పోయారు. వాళ్ల దగ్గర అట్లాంటి ఆయుధం ఉందని ఓడవాళ్లు అనుకోలేదు, కాబట్టి ఓడ రక్షణ వ్యవస్థలు సిద్ధంగా లేవు. 2022 ఏప్రిల్ 13న ఉక్రెయిన్ నెప్ట్యూన్ క్షిపణులు రష్యా నల్లసముద్రం దండుకు పెద్ద దిక్కైన మాస్క్వా నౌకను కొట్టాయి, మరుసటి రోజు అది మునిగింది. అగ్నిప్రమాదం, పేలుడు అని రష్యా చెప్పింది. విచిత్రం ఏమంటే, సోవియట్ రోజుల్లో ఆ ఓడను కట్టింది ఉక్రెయిన్‌లోని మికొలాయివ్‌లోనే. అప్పటికి ఉక్రెయిన్‌కు చెప్పుకోదగ్గ నౌకాదళం మిగల్లేదు. అయినా ఆ దెబ్బ తర్వాత రష్యా ఓడలు ఒడెస్సా తీరానికి దూరంగా జరిగాయి. ఓడలు లేని దేశం లారీలతో ఓడలను వెనక్కి పంపింది. ఈ ఆయుధం గొప్పతనం అక్కడుంది. సముద్రాన్ని గెలవలేకపోయినా, ఎదుటివాణ్ణి గెలవనివ్వదు.

ఇప్పుడు మన బ్రహ్మోస్ దగ్గరికి వస్తాను. 1998 ఫిబ్రవరి 12న భారత్, రష్యా ఒప్పందం చేసుకున్నాయి. మన తరఫున సంతకం పెట్టింది అబ్దుల్ కలాం గారు. బ్రహ్మపుత్ర, మాస్క్వా, ఈ రెండు నదుల పేర్లు కలిపి పేరు పెట్టారు. 2001 జూన్ 12న ఒడిశాలోని చాందీపూర్ ఒడ్డు నుంచి మొదటి పరీక్ష జరిగింది. అది పూర్తిగా మనదే అని వాట్సాప్‌లో వస్తుంటుంది. కాదు. దాని మూలం రష్యావాళ్ల ఓనిక్స్ క్షిపణి. ఆ మాట ఒప్పుకోవడానికి సిగ్గు దేనికి? నేర్చుకున్న చోటు చెప్పుకోవడం మన బళ్లోనే నేర్పారు. ఆ తర్వాత ఒక్కొక్కటీ మనవాళ్లు చేసుకుంటూ వచ్చారు. క్షిపణి ముక్కులో ఉండి లక్ష్యాన్ని వెతికే సీకర్ అనే చిన్న రాడార్ ఉంటుంది. హైదరాబాదులోని రీసెర్చ్ సెంటర్ ఇమారత్ తయారు చేసిన సీకర్‌తో 2018 మార్చి 22న పోఖ్రాన్‌లో పరీక్ష చేశారు, అది గురిగా తగిలింది. మన జిల్లాల నుంచి డిప్లొమా, ఐటీఐ చదివి హైదరాబాదు కంచన్‌బాగ్ వైపు ఉద్యోగాలకు పోయినవాళ్లు ఈ సభలో కూడా ఉన్నారు. వాళ్లు ఏం చేస్తారో ఇంట్లో కూడా చెప్పరు, కాబట్టి నేనూ వాళ్ల వైపు చూడను.

అది పనిచేసే తీరు పిల్లల కోసం చెబుతాను. నేల మీది బండి ఒక్కోదాని మీద మూడు గొట్టాలు ఉంటాయి. క్షిపణి బరువు దాదాపు 3 టన్నులు. ముందు ఘన ఇంధనం మండి దాన్ని పైకి లేపి ధ్వని వేగం దాటిస్తుంది, తర్వాత ఆ భాగం ఊడిపోతుంది. అప్పుడు రామ్‌జెట్ ఇంజిన్ అందుకుంటుంది. మన ఆచారి కొలిమిలో తిత్తి కొడితేనే గాలి పోయి నిప్పు రాజుకుంటుంది. రామ్‌జెట్‌లో తిత్తి లేదు, ఫ్యాన్ లేదు. అది పోయే వేగానికే గాలి ముక్కులోంచి దూసుకొచ్చి తనంతట తానే అదిమి పడుతుంది, అందులో ఇంధనం మండుతుంది. వేగమే తిత్తి. అందుకే ఆగి ఉన్నప్పుడు రామ్‌జెట్ పనికిరాదు, ముందు ఎవరో ఒకరు తోసిపెట్టాలి. వేగం ధ్వనికి 2.8 రెట్లు. అంటే ఇక్కడి నుంచి కడపకు బస్సులో గంట పట్టే దారి దానికి ముక్కాలు నిమిషం కూడా కాదు. మొదట చెప్పిన అందుబాటు 290 కిలోమీటర్లు, దాదాపు ఎర్రగుంట్ల స్టేషన్ నుంచి మద్రాసు దాకా ఉన్న రైలు దారి. ఆ 290 లెక్క ఎందుకంటే, 300 కిలోమీటర్లు దాటే క్షిపణుల పరిజ్ఞానం ఇచ్చిపుచ్చుకోవడం మీద దేశాల మధ్య ఒక కట్టుబాటు ఉంది. 2016లో మనం కూడా ఆ కూటమిలో చేరాక ఇంకా ఎక్కువ దూరంవి పరీక్షించారు.

వేగం ఒక్కటే కాదు, అది ఓడ దగ్గరికి వచ్చేటప్పుడు నీళ్లకు పది మీటర్లు, అంతకంటే తక్కువ ఎత్తులో వస్తుంది. ఎందుకంత కిందికి? ఇక్కడ మన లెక్కల సారు పైథాగరస్ సిద్ధాంతం కావాలి. తొమ్మిదో తరగతిలో బోర్డు మీద ఆ బొమ్మ వేసినప్పుడు నాకు ఎందుకో అర్థం కాలేదు, నేవీలో రోజూ అదే పని. భూమి గుండ్రం. మీ ఎత్తు నుంచి భూమి వంపును తాకేటట్టు గీత గీస్తే, ఆ గీత పొడవే మీకు కనపడే దూరం. ఆ దూరం వర్గం అంటే రెండింతల భూమి వ్యాసార్ధం, దాన్ని మీ ఎత్తుతో గుణించండి, అంతే. వ్యాసార్ధం 6,400 కిలోమీటర్లు అనుకోండి. ఒడ్డున నిలబడిన మనిషి కంటి ఎత్తు 1.7 మీటర్లు అయితే, అతనికి సముద్రం కనపడేది 4.7 కిలోమీటర్లే. మెరీనాలో నిలబడి అనంతమైన సాగరం అని కవిత్వం చెప్పేవాళ్లు చూసింది ఇక్కణ్ణుంచి పక్క పల్లె దాకా ఉన్నంత దూరం!

ఓడ స్తంభం మీద 20 మీటర్ల ఎత్తులో రాడార్ ఉంటే దానికి 16 కిలోమీటర్లు. పది మీటర్ల ఎత్తులో వచ్చే క్షిపణికి 11. రెండూ కలిపితే 27. గాలిలో రాడార్ తరంగాలు కొంచెం వంగుతాయి కాబట్టి ముప్పై అనుకోండి. అంటే ముప్పై కిలోమీటర్ల దాకా ఆ క్షిపణి భూమి వంపు చాటున ఉంటుంది. అక్కడ తల ఎత్తిన తర్వాత, మామూలు క్షిపణి అయితే ఓడవాళ్లకు నిమిషంన్నర టైము ఉంటుంది. బ్రహ్మోస్ అయితే అర నిమిషం. ఆ అర నిమిషంలో తెర ముందు కూర్చున్నవాడు చూడాలి, నమ్మాలి, అరవాలి. ఆఫీసరు నిర్ణయించాలి. తుపాకులు తిరగాలి. నేను ఆ కుర్చీలో కూర్చున్నవాణ్ణి. అందులో అతి కష్టమైనది చూడడం కాదు, నమ్మడం.

ఇప్పటిదాకా చెప్పింది విని కార్యదర్శి గారు కోరిన హుషారు వచ్చి ఉంటుంది. ఇక రెండో వైపు చూడండి. ఇదే లెక్క మనకూ వర్తిస్తుంది. మన లారీ ఒడ్డున ఉంది. పక్కనే 150 మీటర్ల కొండ ఎక్కి రాడార్ పెట్టాం. దానికి 44 కిలోమీటర్లు, అవతలి ఓడ ఎత్తుకు 16, మొత్తం 60. క్షిపణి పోయేది 290. అంటే చెయ్యి 290 కిలోమీటర్లు చాచగలం, కన్ను 60 దాకానే. మిగతా 230 కిలోమీటర్లు ఒడ్డు మీది మనకు గుడ్డితనమే. కళ్లకు గంతలు కట్టుకున్న వస్తాదు చేతికి ఎంత పొడుగు కర్ర ఇస్తే ఏం లాభం?

మన గండికోటలో ఇట్లాంటిదే ఒకటి జరిగింది. 1652లో టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వ్యాపారి మీర్ జుమ్లాను కలవడానికి గండికోటకు వచ్చాడు. ఫిరంగులు పోయించాలని మీర్ జుమ్లా గుళ్లలోని రాగి విగ్రహాలు తెప్పించి కుప్ప పోయించాడనీ, మైలే అనే ఫ్రెంచి పనివాడు ఎంత తంటాలు పడ్డా ఒక్క ఫిరంగీ తయారు కాలేదనీ ఆయన రాసిపెట్టాడు. గుళ్లు పాడైనందుకు మనకు ఈరోజుకీ కడుపు మండుతుంది, అది వేరే సంగతి. నేను చెప్పేది లోహం ఉన్నంత మాత్రాన ఫిరంగి కాదని. లారీ ఉంది, క్షిపణి ఉంది అన్నంత మాత్రాన తీర రక్షణ కాదు.

ఆ 230 కిలోమీటర్లు చూడడానికి పైకి పోవాలి. పది కిలోమీటర్ల ఎత్తులో ఎగిరే విమానానికి అదే సూత్రం వేస్తే 358 కిలోమీటర్లు వస్తుంది, పిల్లలు ఇంటికి పోయి వేసి చూడండి. మనం మద్రాసు పోయే దారిలో అరక్కోణం స్టేషన్ వస్తుంది గదా, అక్కడ నౌకాదళం విమానాల స్థావరం రాజాళి ఉంది. 2013 నుంచి పి-8ఐ అనే గస్తీ విమానాలు అక్కడ ఉన్నాయి. విమానం చూసింది ఒడ్డుకూ ఓడలకూ చేరాలంటే మాట కలపాలి, అందుకు 2013లోనే జీశాట్-7 ఉపగ్రహం నౌకాదళం కోసం పైకి పోయింది. 2008 ముంబై దాడి తర్వాత తీరం పొడుగునా మొదటి విడతలో 46 చోట్ల రాడార్లు పెట్టారు, చాలావరకు పాత దీపస్తంభాల దగ్గరే. ఈ చూపులన్నీ ఒకచోట కలిపే కేంద్రం 2014 నవంబరులో గురుగ్రామ్‌లో మొదలైంది. వీటి గురించి టీవీలో ఎవరూ పాటలు కట్టరు. మంట రాదు, పొగ రాదు, చూపించడానికి ఏముంటుంది?

చూడడంతో పని అయిపోదు. చూసింది ఎవరిది? తెర మీద సరుకు ఓడ, యుద్ధనౌక రెండూ చుక్కలే. ఒక్కోసారి సరుకు ఓడే పెద్ద చుక్క. కొయ్య తెప్ప అయితే కెరటాల గజిబిజిలో కనపడనే కనపడదు. 300 టన్నులు దాటిన, దేశాల మధ్య తిరిగే ఓడలు తమ పేరు, దారి రేడియోలో చెబుతూ పోవాలని నియమం ఉంది, కానీ అది ఆపేసేవాళ్లూ ఉంటారు, అబద్ధం చెప్పేవాళ్లూ ఉంటారు.

నా సర్వీసులో ఒక రాత్రి చెబుతాను. విశాఖకు దూరంగా విన్యాసాల్లో ఉన్నాం. దీపం లేని చుక్క ఒకటి మా దారిలోకి వస్తోంది. రేడియోలో పిలిస్తే పలకడం లేదు. "ఏమిటది?" అని ఆఫీసర్ అడిగాడు. "తెలియదు సార్" అన్నాను. రెండోసారి గట్టిగా అడిగాడు. మళ్లీ అదే చెప్పాను. దగ్గరికి పోయి లైటు వేస్తే చేపల పడవ, ఇంజిన్ చెడి రెండు రోజులుగా కొట్టుకుపోతోంది. అందులో ఐదుగురు. ఓడలో తెలుగువాణ్ణి నేనే ఖాళీగా ఉన్నానని మైకు నా చేతికి ఇచ్చారు. "ఇంజిను సెడిపోనాది బాబూ, నీల్లైపోనాయి" అని ఒక పెద్దాయన కేక వేశాడు. మన కడప యాసకు, ఆ యాసకు చాలా దూరం, అయినా ఆ నడిసముద్రంలో చెవిన పడితే ఒళ్లు జలదరించింది. మంచినీళ్లు, అన్నం ఇచ్చి ఒడ్డుకు కబురు పంపాం. "తెలియదు సార్" అనే మాట అనడం మా ఉద్యోగంలో ముఖ్యమైన పని. తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పాలని పైనుంచి, పక్కనుంచి, లోపలి నుంచి ఒత్తిడి ఉంటుంది.

ఎందుకంటే క్షిపణి అడగదు. దానికి చెప్పిన చోటికి పోయి, కళ్లు తెరిచి, కనపడినదాన్ని పట్టుకుంటుంది. అది పోయే లోపల ఓడ కదులుతుంది. గంటకు 55 కిలోమీటర్ల వేగంతో పోయే ఓడ, బ్రహ్మోస్ ఆ 290 కిలోమీటర్లు పోయే ఆరు నిమిషాల్లో ఐదారు కిలోమీటర్లు జరుగుతుంది. ధ్వని వేగం కంటే తక్కువలో పోయే క్షిపణికి పదహారు, పదిహేడు నిమిషాలు పడుతుంది, ఓడ పదిహేను కిలోమీటర్లు జరుగుతుంది. వెతకాల్సిన నీళ్లు ఏడెనిమిది రెట్లు పెరుగుతాయి. వేగం వల్ల అసలు లాభం ఇదే, తగిలినప్పుడు ఎంత గట్టిగా తగులుతుందన్నది తర్వాత. వెతికే చోటు పెరిగేకొద్దీ అందులో ఇంకెవరో ఉండే అవకాశమూ పెరుగుతుంది. 1982 మే 25న అర్జెంటీనా విమానాలు బ్రిటిష్ యుద్ధనౌకల గుంపు మీదకు వదిలిన ఎక్సోసెట్లు అట్లాంటిక్ కన్వేయర్ అనే సరుకు ఓడకు తగిలాయి, 12 మంది పోయారు. 2020 మే నెలలో ఇరాన్ నౌకాదళం విన్యాసాల్లో వాళ్ల క్షిపణి వాళ్ల కొనారక్ ఓడకే తగిలింది, 19 మంది సొంత మనుషులు. మనకూ ఒక పాఠం ఉంది. 2022 మార్చి 9న మన బ్రహ్మోస్ ఒకటి పొరపాటున పేలి పాకిస్తాన్‌లో పడింది. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు. విచారణలో నియమాలు తప్పారని తేలి ముగ్గురు ఆఫీసర్లను తీసేశారు. దాచకుండా చెప్పినందుకు నేను మన వాయుసేనను మెచ్చుకుంటాను.

తెలిసి కొట్టేవాళ్ల సంగతి వేరు. యెమెన్‌లోని హూతీలు ఇదే తరహా క్షిపణులతో దారినపోయే సరుకు ఓడలను కొట్టారు. 2024 జనవరి 26న, మనం ఇక్కడ జెండా ఎగరేసి పిల్లలకు మిఠాయిలు పంచుతున్న రోజున, ఏడెన్ సింధుశాఖలో మార్లిన్ లువాండా అనే ట్యాంకర్‌కు క్షిపణి తగిలి మంటలు లేచాయి. అందులో 22 మంది మన భారతీయులు. సాయానికి పోయిన మన యుద్ధనౌక పేరు ఐఎన్‌ఎస్ విశాఖపట్నం. మనవాళ్లు ఆ ట్యాంకర్ ఎక్కి సిబ్బందితో కలిసి మంటలు ఆర్పారు. ఉక్రెయిన్ చేతిలో ఊరిని కాపాడిన ఆయుధమే ఇంకొకడి చేతిలో దారిదోపిడీ ఆయుధం అయ్యింది. లారీ ఒక్కటే, క్షిపణి కూడా దాదాపు అదే జాతి.

మనం కూడా ఇప్పుడు దాన్ని అమ్ముతున్నాం. 2022 జనవరి 28న ఫిలిప్పీన్స్ దాదాపు 37.5 కోట్ల డాలర్లకు ఒప్పందం చేసుకుంది, తీరం నుంచి ఓడలను కొట్టే బ్రహ్మోస్ కోసమే. 2024 ఏప్రిల్ 19న మన వాయుసేన విమానంలో మొదటివి అక్కడికి చేరాయి. వేల దీవులున్న దేశం, నౌకాదళం చిన్నది, ఎదురుగా చైనా ఓడలు, సొంత నీళ్లలో వాళ్ల జాలర్లకే చేపలు పట్టుకునే వీలు లేని పరిస్థితి. వాళ్లు ఎందుకు కొన్నారో మన పులికాట్ జాలరికి చెప్పినా అర్థమవుతుంది. మన నౌకాదళానికి కూడా కొత్త తరం మొబైల్ కోస్టల్ బ్యాటరీల కోసం 2023 మార్చి 30న రక్షణ శాఖ 1,700 కోట్ల రూపాయలకు పైగా విలువైన ఒప్పందం చేసింది, 2027 నుంచి రావడం మొదలవుతాయని చెప్పారు. మన ఆంధ్ర తీరంలో ఎక్కడ పెడతారని మా బావమరిది అడిగాడు. ఎక్కడుందో తెలిస్తే అది మళ్లీ పాత ఫిరంగి దిమ్మె అవుతుంది గదా.

హెడ్మాస్టర్ గారు ఒక మాట అడిగారు, ఈ రంగంలోకి పోవాలంటే పిల్లలు ఏం చదవాలి అని. లెక్కలు, ఫిజిక్సు అని అందరూ చెబుతారు, నేనూ అదే చెబుతాను. కానీ తెర ముందు కూర్చునే ఉద్యోగాలకు ఇంకో గుణం కూడా చూస్తారు. గంటల తరబడి ఏమీ జరగని చోట మెలకువగా ఉండడం. మన ఊరి వాళ్లకు అది కొత్త కాదు. వాన కోసం ఆకాశం చూస్తూ జూన్ నుంచి అక్టోబరు దాకా గడిపే జనం మనం. ఏ మబ్బు కురిసేదో, ఏది ఉత్తదో మా నాయన గుర్తుపట్టినంత కచ్చితంగా నేను ఏ చుక్కనూ గుర్తుపట్టలేదు.

మన బడి లైబ్రరీకి బంగాళాఖాతం నాటికల్ చార్టు ఒకటి తెచ్చాను. అందులో లోతులు, దీపస్తంభాలు, రేవులు అన్నీ ఉన్నాయి. దాంతోపాటు ఒక దుర్భిణి. బయాలజీ సారు పిట్టలు చూపించడానికి తీసుకుంటానంటున్నారు, అభ్యంతరం లేదు. ఎనిమిదో తరగతి పిల్లలు మేడ మీదకు పోయి, మేడ ఎత్తు కొలిచి, ఇక్కడ సముద్రమే ఉండి ఉంటే ఎంత దూరం కనపడేదో లెక్క వేసి నాకు చూపించండి. సరిగా వేసిన వాళ్లకు సాయంత్రం లోపల బహుమతి ఇస్తాను.

వంటవాళ్లు ఇప్పటికే రెండుసార్లు సైగ చేశారు, సంగటి చల్లారిపోతోందట. అడగాల్సినవి భోజనాల దగ్గర అడగండి. ఓడల పేర్లు అడగండి, ఊళ్ల పేర్లు అడగండి, తుపానులో వాంతులు ఎన్నిసార్లు అయ్యాయో అడగండి, అన్నీ చెబుతా. రాడార్ ఫ్రీక్వెన్సీలు మాత్రం అడగొద్దు.